ఎల్‌నెక్ పాలియేటివ్ పాఠాలు: మన బీఎస్సీ నర్సింగ్ క్లాసులో ఎంతవరకు పనికొస్తాయి?

నాలుగో సెమిస్టర్‌లో పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బులో నొప్పినీ, ఇతర బాధల్నీ తగ్గించే సంరక్షణ) మాడ్యూల్ చేతికొచ్చిన ట్యూటర్‌కి మొదటి చిక్కు, దేన్ని పట్టుకుని చెప్పాలన్నది. మెడికల్ సర్జికల్ పుస్తకాల్లో దీనికి దక్కేవి కొద్ది పేజీలు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021 సిలబస్ మాత్రం అడల్ట్ హెల్త్ నర్సింగ్ రెండో పేపర్‌లో 20 గంటల మాడ్యూల్‌ని తప్పనిసరి చేసింది. ఆ 20 గంటలూ స్లైడ్లు చదివేసి అయిందనిపించడం తేలిక. అలా కాకుండా పిల్లలకి నిజంగా పని రావాలని వెతికే ట్యూటర్ల కోసం ఈ సమీక్ష.

వెతికితే ముందుగా తగిలే పేరు ఎల్‌నెక్. పూర్తి పేరు ఎండ్ ఆఫ్ లైఫ్ నర్సింగ్ ఎడ్యుకేషన్ కన్సార్షియం. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ కాలేజెస్ ఆఫ్ నర్సింగ్, కాలిఫోర్నియాలోని సిటీ ఆఫ్ హోప్ క్యాన్సర్ ఆసుపత్రి కలిసి, రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ డబ్బుతో 2000లో మొదలుపెట్టాయి. మొదట టీచర్లకే శిక్షణ ఇచ్చేవాళ్లు. డిగ్రీ నర్సింగ్ విద్యార్థికి ఉండాల్సిన నైపుణ్యాల జాబితా ఒకటి 2016లో కేర్స్ అనే పేరుతో వచ్చింది. దాని మీద కట్టిన ఆన్‌లైన్ పాఠాలు 2017లో విడుదలయ్యాయి. మొత్తం ఆరు: పరిచయం, రోగితో మాట్లాడటం, నొప్పి, ఇతర బాధలు, దుఃఖం, చివరి గంటలు. ఒక్కోటి సుమారు గంట. భాష ఇంగ్లీషు.

తీర్పు ముందే చెప్పేస్తున్నాం. నొప్పి, ఇతర బాధలు, చివరి గంటలు, ఈ మూడు పాఠాలూ నిస్సందేహంగా తీసుకోవచ్చు. పరిచయం, దుఃఖం పాఠాల్లో సగం మనకి పనికొస్తుంది. రోగితో మాట్లాడటం నేర్పే పాఠం బాగా ఆలోచించి రాసిందే, కానీ దాన్ని ఇంగ్లీషులో విని సర్టిఫికెట్ తీసుకుని తెలుగు వార్డులోకి వెళ్లిన అమ్మాయికి నోరు పెగలదు. ఆ ఖాళీని ట్యూటరే పూడ్చాలి. అందుకే ఇక్కడ ఎక్కువసేపు దాని దగ్గరే ఆగుతున్నాం.

ఆ పాఠంలోని సూత్రాలు అన్నీ సరైనవే. నిలబడి కాదు, కూర్చుని మాట్లాడాలి. చెప్పడం కన్నా వినడం ఎక్కువుండాలి. మౌనానికి భయపడకూడదు. చిక్కంతా మాటల దగ్గరే. ఇంగ్లీషులో ‘ఐయామ్ సారీ’ అంటే నీ బాధ నాకూ తెలుస్తోందని. మన వార్డులో నర్సు ‘సారీ అండీ’ అంటే బంధువులకి గుండె జారుతుంది, మందేమైనా మార్చి ఎక్కించారేమోనని. ‘ఐ విష్’ అని మొదలయ్యే వాక్యాలు పాశ్చాత్య కమ్యూనికేషన్ పాఠాల్లో తరచూ వస్తాయి. దాన్ని ‘నేను కోరుకుంటున్నాను’ అని మారిస్తే వేదిక మీద శుభాకాంక్షలు చెప్పినట్టుంటుంది. ఆ పని చేసే మాట మనకి పుట్టినప్పటినుంచీ ఉంది: ‘నయమైపోతే ఎంత బాగుండునో కదమ్మా.’ ఆ ‘బాగుండును’లో ఆశ ఉంది, అది జరిగేది కాదన్న ఎరుకా ఉంది. ‘హౌ ఆర్ యూ కోపింగ్’ అన్నదానికి నిఘంటువు వెతకక్కర్లేదు. ‘ఎలా నెట్టుకొస్తున్నారండీ?’ అంటే చాలు, ఆరు నెలలుగా మంచం పక్కనే ఉన్న భార్య తలుపు తెరిచినట్టు మాట్లాడుతుంది. ఆధ్యాత్మిక అవసరాల గురించి అడగమని పాఠాలు చెప్తాయి. ‘మీకు ఆధ్యాత్మిక విశ్వాసాలు ఉన్నాయా’ అంటే ఎవరూ జవాబివ్వరు. ‘దేవుడి పటం ఏదైనా దగ్గర పెట్టమంటారా? ఎవరినైనా చూడాలనిపిస్తోందా?’ అంటే పాస్టర్ గారి పేరో, అలిగి వెళ్లిపోయిన తమ్ముడి పేరో బయటికొస్తుంది.

కాబట్టి ఎల్‌నెక్ రెండో పాఠం చూపించిన మర్నాడే, అచ్చ తెలుగులో రోల్‌ప్లే పెట్టాలి. ముగ్గురు ముగ్గురుగా కూర్చోబెట్టండి. ఒకరు నర్సు, ఒకరు రోగి లేదా బంధువు, ఒకరు గమనించేవాళ్లు. 7 నిమిషాలు ఆట, 5 నిమిషాలు మాట. ఆ తర్వాత పాత్రలు మారాలి. చీటీలు నాలుగు చాలు. ఒకటి, రోగి: ‘నిజం చెప్పమ్మా, నేను బతుకుతానా?’ రెండు, కొడుకు: ‘నాన్నకి క్యాన్సరని చెప్పొద్దు మేడమ్, వింటే గుండె ఆగిపోతుంది.’ మూడు, భార్య: ‘ముద్ద దిగట్లేదు, కనీసం సెలైన్ అయినా పెట్టండి.’ నాలుగు, కూతురు: ‘మార్ఫిన్ అంటే మత్తుమందు కదా, అలవాటైపోదా?’

గమనించే విద్యార్థి చేతిలో ఒక కాగితం ఉండాలి. దాని మీద రెండే లెక్కలు. ‘ఏం కాదు’, ‘తగ్గిపోతుంది’, ‘ధైర్యంగా ఉండండి’ అన్న మాటలు ఎన్నిసార్లు వచ్చాయి? ప్రశ్న పడ్డాక జవాబుకి ముందు ఎన్ని సెకన్లు ఆగారు? మొదటి విడతలో తప్పు ఎప్పుడూ ఒకే చోట జరుగుతుంది. ‘నేను బతుకుతానా’ అన్న మాట చెవిన పడగానే నర్సు పాత్రలో ఉన్న అమ్మాయి చెయ్యి సెలైన్ రెగ్యులేటర్ మీదకి పోతుంది. అక్కడ సరిచేయడానికేమీ లేకపోయినా చక్రం అటూ ఇటూ తిప్పుతుంది. కళ్లు చుక్కల మీద ఉంటాయి. ఆ తర్వాత వచ్చేది ‘డాక్టర్ గారిని అడగండి’ అన్న మాట. ఆ చేతిని గమనించి చెప్పడమే ఈ క్లాసులో ట్యూటర్ చేయగలిగిన పెద్ద మేలు. చెయ్యి మంచం పట్టీ మీదో, రోగి మణికట్టు మీదో పెట్టించండి. ‘ఎందుకలా అనిపించింది పెద్దాయనా?’ అని అడిగించి, గడియారం చూసి 10 సెకన్లు ఆపండి. 10 సెకన్లు ఎంత పొడుగో ఆ గదిలో అందరికీ తెలుస్తుంది. ఆ మౌనం తర్వాత రోగి పాత్రలో ఉన్న పిల్ల దాదాపు ప్రతిసారీ ఇంకో మాట చెప్తుంది, అసలు సంగతి ఆ రెండో మాటలో ఉంటుంది.

రెండో చీటీ మన దగ్గర రోజూ జరిగేది. అమెరికా పాఠానికి ఇది సగమే అర్థమవుతుంది, ఎందుకంటే అక్కడ రోగి సొంత నిర్ణయం నుంచే అంతా మొదలవుతుంది. ఇక్కడ రిపోర్టు ముందు కొడుకు చేతికి పోతుంది. కొడుకుని తప్పు పట్టే గొంతుతో మాట్లాడకూడదని ముందు నేర్పాలి. వరుస ఇది: ‘చెప్తే ఏమవుతుందని భయం మీకు?’ అని అడగాలి. వినాలి. ‘ఇంతకాలం ఒక్కరే మోస్తున్నారు’ అని గుర్తించాలి. ‘నాన్నగారు ఎప్పుడైనా ఏమైనా అడిగారా?’ అని కదపాలి. చివరికి ఒక హద్దు చెప్పాలి: ‘ఆయన అడక్కుండా నేనుగా ఏమీ చెప్పనండీ. ఆయనే అడిగితే అబద్ధం మాత్రం చెప్పలేను, డాక్టర్ గారిని తీసుకొచ్చి అందరం కలిసి కూర్చుందాం.’ రోగ నిర్ధారణ బయటపెట్టడం నర్సు ఒక్కతి చేసే పని కాదని, జరిగిన మాటల్ని నర్సింగ్ నోట్సులో రాసి డాక్టరుకి చెప్పాలని కూడా ఇక్కడే చెప్పాలి. ఇది తేలకపోతే పిల్లలు అయితే పూర్తిగా మూసుకుపోతారు, లేదా ఆవేశపడి నోరు జారతారు.

నొప్పి పాఠం ఈ మొత్తంలో గట్టిది. అలవాటు (అదే డోసు క్రమంగా చాలకపోవడం), శరీరం ఆధారపడటం, వ్యసనం వేర్వేరని విడదీసి చెప్పే భాగం ఒక్కటైనా ప్రతి విద్యార్థీ రెండుసార్లు వినాలి. రోగి ఎక్కడ నొప్పంటే అక్కడ, ఎంతంటే అంత అని నమ్మాలన్న పునాది కూడా బాగా వేస్తుంది. దీనికి మనం కలపాల్సింది తెలుగు నొప్పి మాటలు. నొప్పి ఏ రకమో మన రోగులు ఒక్క ముక్కలో చెప్పేస్తారు, పట్టుకోవడమే రావాలి. ‘సలుపు’, ‘పోటు’ అంటే ఎముక, కండరం, పుండు వైపు చూడాలి. ‘మెలిపెడుతోంది’ అంటే పేగు లాంటి లోపలి అవయవం. ‘మంట’, ‘తిమ్మిరి’, ‘సూదులు గుచ్చినట్టు’, ‘కరెంటు కొట్టినట్టు’ అన్నారంటే నరం. నరం నొప్పికి మార్ఫిన్ ఒక్కటే చాలకపోవచ్చు, అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ లాంటివి తోడు కావాలి. కేస్ షీట్‌లో ‘పెయిన్ ప్రెజెంట్’ అని రాసి వదిలేస్తే ఆ తేడా డాక్టరు దాకా చేరదు. రోగి అన్న మాటని తెలుగులోనే కొటేషన్‌లో రాయించండి. సున్నా నుంచి పది స్కేలు పెద్దవయసువాళ్లకి ఎక్కనప్పుడు రూపాయి లెక్క అడగవచ్చు: పావలా నొప్పా, అర్ధరూపాయా, ముప్పావలా, పూర్తి రూపాయా? మాట్లాడలేని వాళ్లకి పెయినాడ్ స్కేలు ఉంది. శ్వాస, మూలుగు, ముఖం, ఒంటి కదలిక, ఓదారిస్తే శాంతించడం, ఈ అయిదింటికీ 0 నుంచి 2 దాకా మార్కులు.

మార్ఫిన్ లెక్కలు మాత్రం వీడియో చూసి రావు. బోర్డు మీద చేయించాల్సిందే. మనకి దొరికే మామూలు మాత్ర 10 మిల్లీగ్రాములు. అంతకుముందు ఓపియాయిడ్ (మార్ఫిన్ జాతి నొప్పి మందు) వాడని పెద్దవాళ్లకి 5 మిల్లీగ్రాములు, అంటే అరమాత్ర, 4 గంటలకోసారి మొదలుపెడతారు. బాగా నీరసించినవాళ్లకి, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి అంతకన్నా తక్కువ, లేదా ఎడం ఎక్కువ. ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10, ఈ అయిదు వేళలు. తెల్లవారుజామున 2 గంటలకి లేపకుండా ఉండటానికి రాత్రి 10 గంటల డోసు రెట్టింపు ఇస్తారు. మధ్యలో నొప్పి తన్నుకొస్తే ఇచ్చే అదనపు డోసు, రోజు మొత్తంలో ఆరో వంతు. ఇప్పుడు లెక్క ఇవ్వండి: 10 మిల్లీగ్రాములు 4 గంటలకోసారి వాడుతున్న రోగి నిన్న మూడుసార్లు అదనపు డోసు తీసుకున్నాడు. రోజు మొత్తం 60, అదనం 30, కలిపి 90. ఆరుతో భాగిస్తే కొత్త డోసు 15. నోటి ద్వారా రోజుకి 60 వాడేవాళ్లకి చర్మం కింద ఇవ్వాల్సొస్తే రోజు మొత్తానికి సగం, అంటే 30. క్లాసులో తప్పు జరిగేది ఇక్కడే. మార్ఫిన్ ఇంజెక్షన్ మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములది ఉంది, 15ది ఉంది. ఆంప్యూల్ మీద అంకె చదవకుండా ‘మూడు ఆంప్యూల్స్’ అని రాసిన పిల్ల 15 రకం అందుకుంటే 30 ఇవ్వాల్సిన చోట 45 పోతుంది. ఖాళీ ఆంప్యూల్స్ రెండు రకాలూ తెచ్చి చేతికిచ్చి చదివించండి.

మార్ఫిన్ రాసిన ప్రతి చీటీలో విరేచనం మందు ఉందా అని చూడటం నర్సు పని. బిసకోడిల్ 5 మిల్లీగ్రాములవి రెండు మాత్రలు రాత్రిపూట. మలబద్ధకం రోజులు గడిచినా తగ్గదు, వాంతులు మాత్రం సాధారణంగా వారంలో సర్దుకుంటాయి. మార్ఫిన్ ఎక్కువైందని గుర్తుపట్టడానికి శ్వాస ఒక్కటే లెక్కపెడితే ఆలస్యమవుతుంది. ముందు మగత వస్తుంది. పిలిస్తే కళ్లు తెరిచి మాట మధ్యలోనే మళ్లీ నిద్రలోకి జారుకుంటుంటే అప్పుడే చెప్పాలి. శ్వాస నిమిషానికి 8 లోపు పడి, లేపినా లేవకపోతే మార్ఫిన్‌కి విరుగుడు నాలాక్సోన్. అదీ ఒక్కసారిగా కాదు. 0.4 మిల్లీగ్రాముల ఆంప్యూల్‌ని 10 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి, అరా ఒకటీ మిల్లీలీటరు చొప్పున 2 నిమిషాలకోసారి, శ్వాస కుదుటపడేదాకా. మొత్తం ఒక్కసారే ఎక్కిస్తే నొప్పి అంతా ఒక్కసారే తిరగబడుతుంది.

ఆన్‌లైన్ పాఠాలకి సహజంగానే ఉన్న లోటు చేతిపని. చర్మం కింద బటర్‌ఫ్లై (రెక్కలూ గొట్టమూ ఉన్న చిన్న సూది) పెట్టడం రాని నర్సు, మింగలేని స్థితికి వచ్చిన రోగికి ఇంటి దగ్గర ఏమీ చేయలేదు. స్కిల్ ల్యాబ్‌లో ఖరీదైన బొమ్మ అక్కర్లేదు. మందపాటి స్పాంజి ముక్కకి పలుచని రెక్సిన్ చుట్టి రబ్బరు బ్యాండ్లతో బిగిస్తే సరిపోతుంది. కావాల్సినవి 23 లేదా 25 గేజ్ స్కాల్ప్ వెయిన్ సెట్ (బటర్‌ఫ్లై అంటే ఇదే), 2 మిల్లీలీటర్ల సిరంజి, స్పిరిట్ దూది, పారదర్శక డ్రెస్సింగ్, తేదీ రాయడానికి పెన్ను. మొదట గొట్టాన్ని మందుతో నింపాలి. పిల్లలు మరిచిపోయేది ఇదే. నింపకపోతే మొదటి డోసులో కొంత గొట్టంలోనే ఉండిపోతుంది, రోగికి నొప్పి తగ్గదు, ‘మందు పనిచేయలేదు’ అని చార్టులో రాస్తారు. చర్మాన్ని రెండు వేళ్లతో మడతగా పట్టి, సూది ఏటవాలు పైకి ఉంచి 45 డిగ్రీల్లో గుచ్చాలి. గొట్టాన్ని ఒక వలయం చుట్టి అంటించాలి, లాగుడు సూది మీద పడకుండా. ఛాతీ పైభాగం, పైచెయ్యి, పొట్ట, తొడ ముందు భాగం మంచి చోట్లు. అయోమయంలో ఉండి పీకేసుకునేవాళ్లకి వీపు మీద, భుజం ఎముక దగ్గర పెడితే చెయ్యి అందదు. నీరు పట్టిన చోట, రేడియేషన్ ఇచ్చిన చోట, ఎముక తేలిన చోట వద్దు. ప్రతి డోసు తర్వాత అర మిల్లీలీటరు సెలైన్ తోయాలి. ఎరుపు, గట్టిదనం, కారడం కనిపిస్తే చోటు మార్చాలి. డైజిపామ్, క్లోర్‌ప్రోమజైన్ చర్మం కింద ఇవ్వకూడదు, కణజాలాన్ని కాలుస్తాయి.

నాలుగో పాఠం, ఇతర బాధలు, దాదాపు మార్చక్కర్లేదు. ఆయాసానికి ముఖం మీదకి చిన్న ఫ్యాను, ముందుకి వాలి కూర్చోబెట్టడం, ఆక్సిజన్ రక్తంలో తగ్గితేనే ఆక్సిజన్, ఇవన్నీ ఇక్కడా అంతే. మనం కలపాల్సినవి రెండు. కుళ్లిన క్యాన్సర్ పుండు వాసనకి మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా నూరి పుండు మీద చల్లడం. వాసన పోతేనే మనవలు మళ్లీ మంచం దగ్గరికి వస్తారని పిల్లలకి చెప్పండి, డ్రెస్సింగ్ మీద శ్రద్ధ దానంతటదే వస్తుంది. రెండోది నోరు. అర లీటరు నీళ్లలో ఒక టీస్పూను వంటసోడా కలిపి, వేలికి చుట్టిన మెత్తటి గుడ్డతో రెండు గంటలకోసారి నాలుక, చిగుళ్లు, దవడల లోపల తుడవడం. తెల్లటి పొర తుడిస్తే ఊడొచ్చి, కింద ఎర్రగా మిగిలితే ఫంగస్ అని చెప్పాలి. ఈ ఒక్క పని విద్యార్థికి వార్డులో మొదటి రోజే అప్పగించవచ్చు.

మొదటి పాఠం అమెరికా హాస్పిస్ (చివరి దశ రోగుల సంరక్షణ) పద్ధతి మీద నిలబడుతుంది. ఆరు నెలలకి మించి బతకరని డాక్టర్లు రాసిస్తేనే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కింద హాస్పిస్ వర్తించే లెక్క అది. మన పిల్లలు దాన్ని బట్టీ పడితే పాలియేటివ్ అంటే చివరి ఆరు నెలలు అని స్థిరపడిపోతుంది. ఆ భాగం తీసేసి మన చరిత్ర పెట్టండి. కోళికోడ్‌లో 1993లో మొదలైన పెయిన్ అండ్ పాలియేటివ్ క్లినిక్, 2008లో కేరళ ప్రభుత్వం తెచ్చిన పాలియేటివ్ విధానం, 2012 జాతీయ కార్యక్రమం, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ విభాగం, స్పర్శ్ హాస్పిస్, తెలంగాణ జిల్లాల్లో ఇళ్లకి వెళ్లే ఆలన బృందాలు. మందుల చట్టం కూడా మారింది. 2014లో ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ చట్టం) సవరణతో, రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ గుర్తింపు ఇచ్చిన ఆసుపత్రి మార్ఫిన్ తెచ్చుకుని ఇవ్వగలదు. తాను చెప్పలేని స్థితికి వస్తే ఏ చికిత్స వద్దో ముందుగానే రాసిపెట్టే వీలునామా (లివింగ్ విల్) సంగతి పాఠంలో అమెరికా ఫారాలతో ఉంటుంది. ఇక్కడ సుప్రీంకోర్టు కామన్ కాజ్ కేసులో 2018లో దాన్ని అనుమతించింది, 2023 జనవరిలో పద్ధతి సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉంటే చాలు.

ఆరో పాఠం, చివరి గంటలు, వార్డుకి పంపే ముందే చూపించాలి. తర్వాత చూపిస్తే ఉపయోగం సగానికి సగం పోతుంది. కాళ్లు చల్లబడటం, మోకాళ్ల మీద నీలం ఎరుపు మచ్చలు, శ్వాస ఆగి ఆగి రావడం, దవడతో ఊపిరి తీయడం, మూత్రం తగ్గడం, ఇవి ముందే తెలిసిన విద్యార్థి కంగారుపడి సక్షన్ ట్యూబ్ కోసం పరిగెత్తదు. గొంతులో గురక చప్పుడు వస్తే పక్కకి ఒత్తిగిల్లించాలి. హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్ 20 మిల్లీగ్రాములు చర్మం కింద ఇస్తారు. ఇది గొంతులో కొత్తగా ఊరే స్రావాన్ని ఆపుతుంది కానీ అప్పటికే చేరినదాన్ని తీసేయదు, అందుకే చప్పుడు మొదలవుతుండగానే ఇవ్వాలి. లోతుగా సక్షన్ చేస్తే రోగికి బాధ తప్ప లాభం లేదు. ‘ఆ చప్పుడు మనకి వినడానికి కష్టంగా ఉంది, ఆయనకి మాత్రం గురక పెట్టినట్టేనండీ’ అని భార్యకి చెప్పగలగాలి. మూడో చీటీలోని సెలైన్ ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. శరీరం మూసుకుంటున్నప్పుడు ఎక్కించిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకీ కాళ్లలోకీ చేరి గురకా వాపూ పెంచవచ్చు. ‘పెట్టం’ అని తిరస్కరించే బదులు, భార్య చేతికి గిన్నె, దూది ఇచ్చి పెదవులు తడపమనాలి. తన చేతుల మీదుగా ఏదో ఇవ్వాలన్నదే ఆమె అడుగుతున్నది. తులసి నీళ్లో, గంగాజలమో, జమ్‌జమ్ నీళ్లో అదే చోట చేరుతుంది. నాలుగు చుక్కలే, తల కాస్త పక్కకి తిప్పి.

‘ఇంటి దగ్గరే పోవాలి’ అన్న కోరిక గురించి అమెరికా పాఠం చెప్పని కాగితం పని మనం చెప్పాలి. ఆసుపత్రిలో పోతే మరణ కారణం ఫారం 4లో, ఇంట్లో పోతే చూసిన డాక్టరు ఫారం 4ఎలో రాయాలి. మరణం నమోదు 21 రోజుల్లో. డిశ్చార్జ్ రోజునే ఎవరి దగ్గర ఈ ఫారం తీసుకోవాలో కుటుంబానికి చెప్పకపోతే పెద్దకర్మ అయ్యాక ఆఫీసుల చుట్టూ తిరుగుతారు.

దుఃఖం పాఠంలో సిద్ధాంతం బాగుంది, లెక్క మాత్రం వాళ్లది. మనకి పదకొండో రోజు, పెద్దకర్మ, నెల మాసికం, సంవత్సరీకం ఉన్నాయి. ముస్లింలకి 40వ రోజు, క్రైస్తవులకి జ్ఞాపకార్థ కూడిక. పెద్దకర్మ దాకా ఇల్లంతా జనం. ఆ తర్వాత ఒక్కసారిగా ఖాళీ. ఇంటికి వెళ్లేది ఆ తర్వాతి వారంలో. ‘అప్పులెంత మిగిలాయి’ అన్నది కూడా దుఃఖం సంభాషణలో భాగమేనని పిల్లలకి చెప్పండి. చనిపోయిన మనిషి ఫొటో ఎక్కడుందని అడిగి చూడండి, మిగతా మాటలు వాటంతటవే వస్తాయి.

గంటలు ఎలా పంచాలో మా లెక్క ఇది. ఆన్‌లైన్ పాఠాలు ఆరు గంటలు, వాటిలో పరిచయం, దుఃఖం భాగాల్లో అమెరికా సంగతులు వదిలేసి మనవి కలిపి. తెలుగు రోల్‌ప్లే నాలుగు గంటలు. మార్ఫిన్ లెక్కలు, బటర్‌ఫ్లై, నోటి సంరక్షణ నాలుగు గంటలు. వార్డు లేదా ఇంటి విజిట్ నాలుగు గంటలు. పరీక్ష రెండు గంటలు. ఆరు పాఠాలూ ఒకే వారంలో పెట్టేస్తే వార్డుకి వెళ్లేసరికి ఏదీ గుర్తుండదు. పాఠం ఒకటి, మర్నాడు చేతిపని, మూడోనాడు వార్డు, ఆ వరుసలో వెళ్లాలి. పాఠాల చివరి ఆన్‌లైన్ పరీక్ష జ్ఞానాన్ని మాత్రమే కొలుస్తుంది. దాని పక్కన 20 ప్రశ్నల పాలియేటివ్ కేర్ క్విజ్ ఫర్ నర్సింగ్, మృత్యువుకి దగ్గరైనవాళ్ల పట్ల వైఖరిని కొలిచే 30 అంశాల ఫ్రోమెల్ట్ స్కేలు మొదట ఒకసారి, చివర ఒకసారి పెడితే మార్పు కనిపిస్తుంది.

వార్డులో మొదటి మరణం చూసిన రోజు పిల్లల్ని నేరుగా హాస్టల్‌కి పంపకండి. ఆ బ్యాచ్ వయసు పంతొమ్మిది ఇరవై ఏళ్లు. డ్రెస్సింగ్ గదిలోనైనా సరే 15 నిమిషాలు కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడగండి: ఏం చూశావు, ఏం చేశావు, ఏది మనసులో ఉండిపోయింది. మొదటి రెండిటికీ అందరూ చెప్తారు. మూడోదానికి ఎవరూ నోరు తెరవకపోతే బలవంతం వద్దు, ఆ ముగ్గురు నలుగురి పేర్లు గుర్తుపెట్టుకుని సాయంత్రం భోజనం చేశారో లేదో వార్డెన్‌ని కనుక్కోండి.

ప్రాక్టికల్ పరీక్షలో నాలుగు స్టేషన్లు పెట్టవచ్చు: డోసు లెక్క, బటర్‌ఫ్లై, నోటి సంరక్షణ, ఒక చీటీ సంభాషణ. నాలుగోదానికి చెక్‌లిస్ట్ తయారుచేసేటప్పుడు ‘సరైన సమాధానం చెప్పింది’ అన్న వరుస కొట్టేయండి. దాని బదులు ఇవి రాయండి: కుర్చీ లాక్కుని కూర్చుంది, పేరుతోనో వరసతోనో పిలిచింది, ప్రశ్న తర్వాత ఆగింది, ‘ఏం కాదు’ అనలేదు, విన్నది ఎవరికి చెప్పాలో చెప్పింది, లేచేముందు మళ్లీ ఎప్పుడు వస్తుందో టైము చెప్పింది.